రేకుల గోదామునకు చలువ: వర్తకుల బాధ్యత

(బళ్ళారిలో మన సంఘ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేను పండితుడను కాను. ఇంజనీరును అసలే కాను. ఎస్.ఎస్.ఎల్.సి.తో చదువు చాలించి, తండ్రిగారి వెంట మండీలో కూర్చొన్నవాడను. ధాన్యము, మిరప, విత్తనముల వ్యాపారమున ఇరువదియైదు సంవత్సరములు గడచినవి. ఆ అనుభవములో ఆలస్యముగా నేర్చుకొన్న ఒక పాఠమును మీ ముందుంచుటకే ఈ దినము నిలువబడితిని. అది నా గోదామును గూర్చినది. మన సంఘము గోదామును గూర్చినది కూడ.

మన భవనము వెనుకనున్న పాత రేకుల గోదామును మీరందరు ఎరుగుదురు. దాని అద్దెతోనే మన పిల్లలకు సాయంకాలపు తెలుగు తరగతి నడచుచున్నది. మన గ్రంథాలయమునకు పత్రికలు వచ్చునది ఆ అద్దెతోనే. 1953 అక్టోబరు 1వ తేదీన బళ్ళారి మైసూరు రాష్ట్రమున చేరిన తరువాత, కన్నడ సోదరుల నడుమ సఖ్యముగా నుండుచు ఇంటి భాషను నిలుపుకొనవలెనని మన పెద్దలు తలచిరి. ఎవరిని చేయిచాచి యడుగకుండ ఆ పని సాగుటకై వారు కట్టించిన ఆస్తి యిది. రాష్ట్రముల ఎల్లలు మారినవి గాని బళ్ళారి ఎండ మారలేదు. గత వేసవిలో అద్దెదారు వచ్చి, "వచ్చే ఎండాకాలానికి మేము ఖాళీ చేస్తాం. ఈ రేకుల కింద సరుకూ నిలువదు, మనిషీ నిలువడు" అని చెప్పి వెళ్ళెను. ఆయన మాటలో తప్పు లేదు.

ఇప్పుడు సభ్యులలో రెండభిప్రాయములు కలవు. స్థలము అమ్మి సొమ్ము బ్యాంకులో వేయుదమని కొందరు. రేకులు పెరికి కాంక్రీటు కప్పు వేయుదమని కొందరు. అమ్మిన స్థలము తిరిగి రాదు. కాంక్రీటు కప్పును మోయుటకు ఆ సన్నని ఇనుప స్తంభములు చాలవు. పునాది మొదలుకొని క్రొత్తగా కట్టవలెను. అంత ధనము మన దగ్గర లేదు. మూడవ మార్గ మొకటి కలదు. ఉన్న గోదామునే చల్లబరచుట. దానిని వరుస తప్పక చేసినచో స్వల్పవ్యయముతోనే చాల మేలు కలుగునని, వరుస తప్పినచో ధనము దండుగయగునని నేను చెప్పదలచినాను. వరుస తప్పి నష్టపోయినవాడను గనుకనే ఇంత ధైర్యముగా చెప్పుచున్నాను.

మొదట నా తప్పును చెప్పుకొందును. మన వర్తకులకు చలివేంద్రము పెట్టుట తాతల నాటి ఆచారము. మా అంగడి ముందు కూడ ప్రతి వేసవిలో కుండలు పెట్టి, బాటసారులకు నీళ్ళు, మజ్జిగ పోయించుచుంటిమి. నాలుగేండ్ల క్రిందట మే నెలలో ఒక మధ్యాహ్నము నేను ఆ పందిరి క్రింద కూర్చొని యుండగా, వెనుక గోదాములో బస్తాల దొంతర మీద పనిచేయుచున్న హమాలీ ఒకడు తూలి పడిపోయెను. దొంతర కొసనున్నవాని తలకు రేకుకు నడుమ మూడడుగుల ఎడము కూడ లేదు. అతని ఒళ్ళు నిప్పువలె కాలుచుండెను, మాట తడబడెను. బట్టలు వదులుచేసి, ఒంటినిండ నీళ్ళు పోసి, విసరుచు ఆసుపత్రికి చేర్చితిమి. దైవానుగ్రహమున బ్రదికినాడు.

ఆ సాయంకాలము హమాలీల మేస్త్రీ నా దగ్గరకు వచ్చెను. నాకు తండ్రి వయసువాడు. కూర్చొనుమన్నను కూర్చొనలేదు. "శావుకారూ, మిరపకాయలను కోల్డ్ స్టోరేజీలో పెడితిరి. మమ్మల్ని రేకు కింద పెడితిరి. మిరపకాయ రంగు పోతే ధర తగ్గుతాదని మీకు తెలుసు. మనిషి రంగు పోతే ఏం తగ్గుతాదో ఎవరు చెప్పాల?" అనెను. "తప్పే పెద్దయ్యా" అంటిని. అంతకుమించి నోట మాట రాలేదు. దారిన పోవువానికి చల్లని నీళ్ళిచ్చి, నా బస్తాలు మోయువానిని నిప్పుల కప్పు క్రింద నిలిపితినిగదా యని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మరునాడే తొందరపడితిని. తొందరలో రెండవ తప్పు చేసితిని. ఒక గుత్తేదారు వచ్చి, తళతళలాడు అల్యూమినియము పొర చూపి, "ఇది వేస్తే వేడి సగం పోతుంది" అనెను. ఒకవైపు ఆ పొరను రేకునకు అంటించి బిగించెను. రెండవవైపు చౌకయని థర్మోకోల్ పలకలు కట్టెను. వేసవి వచ్చెను, వేడిమి ఇంచుమించు మునుపటివలెనే యుండెను. థర్మోకోలును ఎలుకలు కొరికి బియ్యపు నూకవలె సరకుపై రాల్చినవి. ఒకనాడు కప్పు కమ్మి నొకదానిని వెల్డింగు చేయుచుండగా నిప్పురవ్వ ఎగిరి ఒక పలక కరగి మండుచు బొట్లుబొట్లుగా కారెను. దగ్గరనున్న ఇసుక బక్కెట్లు ఆనాడు మమ్ములను కాపాడినవి. అప్పుడుగాని నేను ఈ విషయమును తెలిసినవారి నడిగి నేర్చుకొనుటకు పూనుకొనలేదు.

అయ్యలారా, మొట్టమొదట శత్రువు ఎక్కడనుండి వచ్చుచున్నాడో తెలిసికొనవలెను. మన బళ్ళారి 15 డిగ్రీల ఉత్తర అక్షాంశముపై నున్నది. మే నెల తొలి దినములలో మధ్యాహ్న సూర్యుడు సరిగా మన నడినెత్తిననే యుండును. కావున వేసవిలో గోడలకంటె కప్పుపైననే ఎండ మెండుగా పడును. నిర్మలమైన ఆకాశమున మధ్యాహ్నవేళ ఒక్కొక్క చదరపు మీటరుపై సుమారు 1000 వాట్ల శక్తి పడునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. నూరడుగుల పొడవు, నలువదడుగుల వెడల్పు గల గోదాము కప్పు సుమారు 370 చదరపు మీటర్లు. అనగా వేయి వాట్ల హీటర్లను 370 వరకు వెలిగించి కప్పుపై బోర్లించినట్లే. త్రుప్పుపట్టి నల్లబడిన పాత రేకు అందులో అధికభాగమును త్రాగివేయును.

ఈ ముడుతల ఇనుప రేకు మన దేశపుది కాదు. లండను ఓడరేవు ఇంజనీరగు హెన్రీ పామర్ 1829లో దీనికి పేటెంటు పొందెను. 1837లో ఫ్రాన్సు దేశపు సొరెల్ ఇనుమునకు జింకుపూత పట్టించు పద్ధతికి పేటెంటు పొందెను. తేలిక, చౌక, త్వరగా కప్పుటకు వీలు అను గుణములవలన అది లోకమంతట వ్యాపించెను. మన ప్రాంతపు పెద్దలు అంతకు ముందు కట్టినవి మిద్దెలు. దూలములపై వాసములు, వాసములపై చవుడు మన్ను మందముగా పరచి తొక్కెడివారు. ఆ మందమైన మన్ను పగటి వేడిని ఆపి, నెమ్మదిగా రాత్రికి విడిచెడిది. రేకునకు ఆ మందము లేదు. ఎండ తగిలిన కొలది నిమిషములలోనే కాగి, మండు పెనమువలె క్రిందివారిపై వేడిని కురియును. ఇది ముఖ్యమైన మాట. గోదాములో మనలను బాధించునది వేడిగాలి యొక్కటే కాదు. కాగిన రేకు నుండి కిరణరూపమున దిగు వేడిమి. ఫ్యాను పెట్టినను ఉక్క తీరకుండుటకు కారణ మిదియే. ఫ్యాను గాలిని కదల్పగలదు గాని కిరణమును ఆపలేదు.

తాకకుండనే ఉష్ణోగ్రతను చూపు ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు నొకదానిని కొని చూచితిని. బయటి నీడలో 40 డిగ్రీలున్న దినమున నా గోదాము రేకు లోపలివైపు 66 డిగ్రీలు చూపెను. ఇచట ఒక జాగ్రత్త చెప్పవలెను. తళతళలాడు క్రొత్త రేకుపై ఈ పరికరము తక్కువ చూపి మోసగించును. అట్టిచోట నల్లని టేపుముక్క నంటించి, కొంతసేపు ఆగి, దానిపై చూడవలెను.

ఇక చేయవలసిన పనులు నాలుగు. వాటి వరుస మారరాదు.

మొదటిది మరమ్మతు. త్రుప్పు తిని పోయిన రేకులను మార్చవలెను. మేకులు వదులైనచోట రబ్బరు వాషరుతో క్రొత్త స్క్రూలు బిగింపవలెను. పర్లిన్లనబడు అడ్డకమ్ములను సుత్తితో తట్టి చూచి, బలహీనమైనవానికి బలము కూర్పవలెను. చాలమంది ఈ పనిని దాటవేసి పైపై మెరుగులకు పోవుదురు. కారుచున్న కప్పు క్రింద పరచిన ఉన్ని తడిసినచో వేడిని ఆపదు, బరువెక్కి జారును, రేకును లోపలినుండి తినివేయును. వెల్డింగు పనియంతయు ఈ దశలోనే, క్రింద ఏ పొరయు లేనప్పుడే, ముగించవలెను.

రెండవది తెల్లపూత. అన్నిటికంటె చౌక, అన్నిటికంటె త్వరగా ఫలమిచ్చునది ఇదియే. వేడిని లోపలికి వచ్చిన తరువాత ఆపుటకంటె బయటనే తిరుగగొట్టుట మేలుగదా! ఇందుకై అమ్ము మంచి తెల్లని పూత, క్రొత్తగా నున్నప్పుడు ఎండలో నూటికి 80 వంతుల వరకు తిరుగగొట్టును. మన ఊరి దుమ్ము పేరుకొన్నకొలది ఆ శక్తి తగ్గును. కావున ప్రతి సంవత్సరము వేసవికి ముందు కప్పును కడుగవలెను. పూత పలుచబడినప్పుడు మరల వేయవలెను. కొందరు సున్నము చాలునందురు. కాంక్రీటు మిద్దెకు సున్నము మంచిదే. రేకుపై అది నిలువదు, తొలివానకే కొట్టుకొనిపోవును. అల్యూమినియము రేకునైతే సున్నపు క్షారము తినివేయును. రేకును తీగబ్రష్షుతో రుద్ది, త్రుప్పు నాపు ప్రైమరు వేసి, ఆపై రెండు పూతలు వేయవలెను. జనవరి, ఫిబ్రవరి నెలలలో ఉదయపు వేళ ఈ పని చేయించుట శ్రేయస్కరము. మిట్టమధ్యాహ్నము వేసిన పూత అంటుకొనకముందే ఎండి పెచ్చులూడును. తెలంగాణ ప్రభుత్వము 2023లో చలువ కప్పులకై ప్రత్యేకముగా ఒక విధానమునే ప్రకటించినది. కావున ఇది నాబోటి వర్తకుని వింతయూహ కాదని గ్రహింపగోరుదును.

మూడవది గాలి. కాగిన గాలి పైకి పోవును. పైన దారి లేనిచో అచటనే చిక్కుకొని, దొంతర మీది మనిషిని ఉడికించును. కావున నడికొప్పు పొడవున వాన చొరకుండ మూత గల సందు విడువవలెను. లేదా గాలికి గిరగిర తిరుగు టర్బో వెంటిలేటర్లు బిగింపవలెను. ఐతే పైన దారి యిచ్చి క్రింద మూసినచో ఫలము సున్న. పోవుగాలికి తగినంత వచ్చుగాలి యుండవలెను. గోడల అడుగుభాగమున, నీడ పడువైపున, ఎలుకలు పక్షులు దూరని జాలీతో కిటికీలు పెట్టవలెను. మన ఎండుసీమలో మరొక కిటుకు కలదు. మధ్యాహ్నపు వడగాలి వీచునప్పుడు గాలివైపు తలుపులు మూయుట, రాత్రి చల్లబడినపుడు జాలీలన్నియు తెరచి సరకును గోడలను చల్లబరచుట. నడికొప్పు మాత్రము రాత్రింబవళ్ళు తెరచియే యుండవలెను. ఏలయనగా అచటి గాలి సాధారణముగా బయటి గాలికంటె వేడిగానే యుండును.

నాలుగవది వేడిని ఆపు పొర. పై మూడు పనులు చేసి, ఒక వేసవి చూచి, ఆపై దీనికి పూనుకొనవలెనని నా మనవి. ఇందులో రెండు జాతులు కలవు.

ఒకటి అల్యూమినియము పొర. నా గుత్తేదారు చేసిన తప్పు ఇప్పుడు తెలియును. మెరయు అల్యూమినియము కాగినను, కిరణరూపమున వేడిని మిక్కిలి స్వల్పముగా, నూటికి అయిదు వంతుల మాత్రమే, విడుచును. కాని ఆ గుణము పనిచేయుటకు మెరయు ముఖము ముందర ఖాళీ గాలి యుండవలెను. రేకునకు అంటించినచో రేకు వేడి నేరుగా పొరకు ప్రాకును. కావున రేకునకు పొరకు నడుమ కనీస మొక అంగుళము ఎడముండవలెను. మెరుపు ముఖము క్రిందివైపునకు తిరిగి యుండవలెను. పైవైపున్నచో దుమ్ము పడి కొలది కాలములోనే మెరుపు చచ్చును. నా గోదాములో అదే పొరను విప్పించి, అడ్డకమ్ముల క్రిందుగా వ్రేలాడునట్లు మరల కట్టించితిని. సరకు మారలేదు, ఖర్చు కూలి మాత్రమే, ఫలము మారెను.

రెండవది మందమైన పొర. గాజు ఉన్ని, రాతి ఉన్ని, పఫ్ అనబడు నురుగు, థర్మోకోల్ ఈ జాతివి. వీనిలో చిక్కుకొన్న నిశ్చలమైన గాలియో వాయువో వేడిని ఆపును. ఇనుము వేడిని గాజు ఉన్నికంటె వేయిరెట్లకు పైగా ప్రవహింపజేయును. అందుచేతనే రెండంగుళముల ఉన్ని కూడ గొప్ప అడ్డుకట్ట యగును. ఆ మందమున తేలికరకపు ఉన్ని చదరపు మీటరునకు కిలో, కిలోంబాతిక మాత్రమే బరువుండును. గట్టి అడ్డకమ్ములు దానిని మోయగలవు. కాని దానిని నొక్కి అణచరాదు. అణగిన ఉన్ని, అణగిన పరుపువలె, పనికిరాదు. క్రింద కోళ్ళ జాలీ బిగించి, చిరుగని పొర కప్పవలెను. లేనిచో నూగు రాలి సరకును, పనివారి ఊపిరిని చెరచును. కట్టువారికి ముక్కుగుడ్డలు, చేతితొడుగులు ఇవ్వవలెను. పఫ్ నురుగు వేడిని మిక్కిలి బాగుగా ఆపును, సందులను మూయును. ఐతే రేకును వదలదు. రేపు రేకు మార్చవలసినచో కష్టము. వెనుకనున్న త్రుప్పును కూడ అది దాచివేయును.

నిప్పు మాట మరువరాదు. 1996 ఏప్రిల్ 11న జర్మనీ దేశపు డుసెల్‌డార్ఫ్ విమానాశ్రయమున వెల్డింగు రవ్వలు పడి, పైకప్పు నడుమనున్న పాలిస్టైరీన్ పొర, అనగా మన థర్మోకోల్ జాతిది, అంటుకొనగా 17 మంది మరణించిరి. అంతటి భవనమునకే ఆ గతి పట్టినప్పుడు గోనెసంచులు నిండిన మన గోదాము గతి యేమి? గాజు ఉన్ని, రాతి ఉన్ని స్వతహాగా మండవు. నురుగు జాతులను వాడినచో నిప్పునాపు పలక క్రింద మరుగుపరచక విడువరాదు. కరెంటు తీగలను ఏ పొరలోను కప్పిపుచ్చరాదు.

పైకెక్కువారిని గూర్చి ఒక హెచ్చరిక. పాత రేకుపై స్క్రూల వరుస వెంట, క్రింద అడ్డకమ్మి యున్నచోటనే అడుగు వేయవలెను. పలకలు పరచి, నడుమునకు బెల్టు కట్టి నడువవలెను. వెలుతురుకై పెట్టిన ఫైబరు రేకుపై కాలు మోపరాదు. పూత వేసిన తరువాత అది ఇనుప రేకులతో కలిసిపోయి కంటికి కనబడకపోవచ్చును. కప్పు ఆస్బెస్టాసు సిమెంటు రేకులదైనచో దానిని కోయుట, తూట్లు పొడుచుట, పొడిగా రుద్దుట కూడదు. ఆ ధూళి ఊపిరితిత్తులకు విషము. ఈ హెచ్చరికలను తెలుగులోను, కన్నడములోను, పనికి వచ్చినవారు చదువగల ఏ భాషయైన నుండనిండు, ఆ భాషలో వ్రాసి అంటించుడు. చదువరాని వారికి చెప్పి వినిపించుడు. తన భాషలో చెప్పని మాట ఎంత వ్యర్థమో మనకంటె ఎరిగినవా రెవరు?

మన వారపత్రిక బళ్ళారి దాటి పోవును గనుక ఇతర ఊళ్ళ సోదరులకు రెండు మాటలు. షోలాపూరు మగ్గముల షెడ్లలో పనిచేయు మన నేతసోదరులకు ఎండ మనదే. పైగా మగ్గముల మోటార్ల వేడి లోపలనే పుట్టును. అచట నడికొప్పు గాలి మరింత ముఖ్యము. యానాము, బరంపురము వంటి సముద్రపు గాలి తగులు ఊళ్ళలో వేడితోపాటు తేమ కలదు. రాత్రి రేకు ఆకాశమునకు వేడిని విడిచి గాలికంటె చల్లబడును. అప్పుడు లోపలి తేమ రేకునకు తగిలి చెమర్చి, సరకుపై చినుకులుగా రాలును. అట్టిచోట ఉన్నిని తెరచి యుంచరాదు. తేమ దూరని పొరను లోపలివైపున అతుకులు మూసి కప్పవలెను. ఒక ఊరి వైద్యము మరొక ఊరికి సరిపోదు.

ఇందువలన వర్తకునికి లాభమేమి యని అడుగువారు కలరు, అడుగవలసినదే. విత్తనముల వ్యాపారులలో ఒక లెక్క ప్రసిద్ధము. నిలువయుంచు చోట వేడిమి ఐదారు డిగ్రీలు తగ్గినచో విత్తనపు ఆయువు సుమారు రెట్టింపగునని. మొలకెత్తని విత్తనము అమ్మినచో పోవునది మన పేరు మాత్రమే కాదు, రైతు పంటకాలమంతయు. మిరప రంగు వేడికి, వెలుతురుకు వెలియుననియే గుంటూరులోను బ్యాడగిలోను శీతల గిడ్డంగులు వెలసినవి. వేరుశనగ పప్పు వేడికి కమటు వాసన పట్టును. రేకుల గోదాము శీతల గిడ్డంగి కాజాలదు, నిజమే. కాని శీతల గిడ్డంగికి పోవులోపల, లారీ దిగిన తరువాత, సరకు వేచియుండునది ఇచటనే గదా.

నా గోదాములో నాలుగు పనులు పూర్తియైన తరువాతి వేసవిలో, బయట 40 డిగ్రీలున్న దినముననే మరల చూచితిని. తెల్లపూత వేసిన రేకు 49 డిగ్రీలు చూపెను. దొంతర పైభాగమున గాలి మునుపు 46 డిగ్రీలుండగా ఇప్పుడు 41. ఇది చల్లదనము కాదు. కాని బ్రదుకదగిన వేడిమి. మేస్త్రీ పెద్దయ్య దొంతర ఎక్కి చూచి దిగి, "ఇప్పుడు నీడ అనిపిస్తాంది" అనెను. అంతకంటె యోగ్యతాపత్రము నాకక్కరలేదు.

ఐనను కప్పు ఒక్కటే చాలదు. మే నెలలో పదకొండు గంటలు దాటిన తరువాత దొంతరల మీది పనిని ఆపి, సాయంకాలము మరల మొదలిడుచున్నాము. త్రాగునీరు గోదాము లోపలనే, చేయి చాచు దూరమున నుంచితిమి. మాట తడబడి, ఒళ్ళు కాలినచో అది వడదెబ్బ. ఆ మనిషిని వెంటనే నీడకు చేర్చి, తడిపి, విసరుచు ఆసుపత్రికి తీసికొనిపోవలెను. స్పృహ లేనివాని నోట నీళ్ళు పోయరాదు. 1948 నాటి కర్మాగారముల చట్టములోనే, గోడలును కప్పును లోపలి వేడిమి వీలైనంత తగ్గునట్లు కట్టవలెనని 13వ విభాగమున వ్రాసిరి. చట్టము గోదామునకు వర్తించునా, వర్తింపదా యని వాదించుకొనుట వకీళ్ళ పని. ఆ మాటలోని న్యాయము మాత్రము ఏ కప్పునకైనను వర్తించును.

సభాసదులారా! మన సంఘపు గోదామును గూర్చి నా ప్రతిపాదన ఇది. సంక్రాంతి దాటగానే మరమ్మతు, ఫిబ్రవరిలో తెల్లపూత, మార్చిలో నడికొప్పు సందును జాలీలును. ఇంతవరకు ఈ సంవత్సరము. పొర సంగతి వచ్చు వేసవిని చూచి నిర్ణయింతము. అద్దెదారుతో నేను మాటాడితిని. మొదటి మూడు పనులు జరిగినచో ఇంకొక ఏడాది ఉండి చూతునని ఆయన మాట ఇచ్చెను. పూతకగు ఖర్చులో నాలుగవ వంతు నేను భరింతును. మిగిలినది మీరు తలా కొంత వేసికొనుడు. డబ్బు లేనివారు ఒక ఆదివారము వచ్చి పని దగ్గర నిలువుడు. లెక్కలన్నియు ఈ పత్రికలోనే ప్రకటింతము.

ఆ రేకుల క్రింద మన పిల్లల అక్షరములు కలవు; మరియొకరి బిడ్డల అన్నము కలదు. వీధిలో చలివేంద్రము పెట్టు వారము మనము. ఆ పుణ్యము మన గోదాము తలుపు లోపలికి కూడ ప్రవేశింపవలెనని కోరుచున్నాను.